దిగే చేపలకి దారి

ఆనకట్ట కాలనీ,
జూన్

వదినా,

ఎక్కాయి.

ఈ లోయలో ఫోను ఎలాగూ పలకదు కాబట్టి ఉత్తరమే గతి. అన్నయ్యకి నువ్వే చదివి వినిపించు. కలం ఇస్తే తెడ్డులా పట్టుకునే మనిషి, కాయితం ఇస్తే విసనకర్ర చేసుకుంటాడు.

ఆనకట్ట పక్కన మేం కట్టిన చేపల మెట్లు చూసి పోయినేడు నువ్వేమన్నావు? "ఇన్ని తొట్లు వరసగా కట్టారు, ఊరందరి బట్టలూ ఇక్కడే ఉతుకుతారా" అన్నావు. ఆ తొట్లే. ఒకదానికంటే ఒకటి మోకాలెత్తు పైన, కింది ఏటి నుంచి ఆనకట్ట వెనకాల నిలవ నీటిదాకా. మొన్న పొద్దున మొదటి వెండిచేప వచ్చింది. మూడో తొట్టిలో ఆగిపోయి రోజంతా గుండ్రంగా తిరిగింది. ముక్కు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. నేను గట్టు మీంచి కదల్లేదు. గేట్ల ఆపరేటర్ వచ్చి, పురిటిగది ముందు కూర్చున్నట్టు కూర్చున్నావేంటమ్మా అని నవ్వాడు. పొద్దువాలేవేళ అది తోక ఒక్కసారి విదిల్చి పై తొట్టిలో పడింది. దాని వెనకే ఇంకొకటి. ఇవాళ్టికి లెక్కపెట్టడం మానేశాం.

ఈ చేప సముద్రంలో పెరిగినా, గుడ్లు పెట్టడానికి మాత్రం ఎగువ రేవు కంకరకే వచ్చేదని మా నాయనమ్మ చెప్పేది. తర్వాత ఆనకట్ట లేచింది. కింది వాగుల్లో ఎలాగో బతికిన కొన్ని తప్ప, మిగతావన్నీ ఏటేటా ఈ గోడకి తలలు బాదుకుని చచ్చాయి.

పైన వలలు ఆపితేనే మెట్లు కడతామన్నారు మా ఆఫీసువాళ్లు. మూడేళ్లుగా రేవులో ఒక్క వల తడవలేదంటే అది రేవు పెద్దగా అన్నయ్య పూచీ. అన్నయ్యకి నేను పూచీ. ఇప్పుడు రేవులో తలెత్తుకుని చెప్పమను, వస్తున్నాయని.

నీ మరదలు

---

ఎగువ రేవు,
జూలై

చేపపిల్లా,

వచ్చాయి. నేను మిల్లులో గోతాలు కుడుతుంటే వంతెన మీంచి ఎవరో కేకేశారు. దబ్బనం చేతిలోనే ఉంది, అలాగే పరిగెత్తాను. ఏరంతా అద్దం పగలగొట్టి పోసినట్టుంది. వయసుమళ్లిన వాళ్లు గట్టు మీద కూలబడ్డారు.

మూడు పడవలాయన నీకు తెలుసుగా. ఈ మూడేళ్లలో రెండు అమ్ముకున్నాడు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. భుజాన వలేసుకుని మోకాలు లోతు నీళ్లలోకి దిగాడు. ఎదురుగా తిండి నడిచిపోతుంటే గుడ్లప్పగించి చూడమంటారా అని రంకె. మీ అన్నయ్య వెళ్లి ముందు నిలబడ్డాడు. చెయ్యి వెయ్యలేదు.

"నా చెల్లెలు మాటిచ్చింది. ఇవి గుడ్లు పెట్టి, ఆ పిల్లలు సముద్రానికి పోయి పెరిగి రానీ. అప్పుడు నీ వల నేను మోస్తాను" అన్నాడు.

గట్టు మీంచి ఆయన పెళ్లాం, "ఆ వల మూడేళ్లుగా ఎలకలకి ఉయ్యాల, ఇవాళేంటి దానికి రోషం" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, నవ్వి వల మడిచాడు. ఆయన పెళ్లామూ నేనూ ఒకప్పుడు పక్కపక్కన వలలు బాగుచేసేవాళ్లం. ఇప్పుడు పక్కపక్కన గోతాలు కుడుతున్నాం. నోరుంది కాబట్టి ఇద్దరం బతికేస్తున్నాం.

నీ మాట మీద ఊరంతా కడుపు కట్టుకుని కూర్చుంది. భయపెట్టడానికి కాదులే. కాస్త భయపడినా తప్పులేదు.

నీ వదిన

---

ఆనకట్ట కాలనీ,
సెప్టెంబరు

వదినా,

కంకరలో గుడ్లు కనపడ్డాయని రాశావు చూడు, ఆ ముక్క ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మెట్ల దగ్గరికి పేపరువాళ్లు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. పెద్ద ఇంజనీరు గారి పక్కన నేను కళ్లు మూసుకుని పడ్డాను.

ఒక్కటే గుచ్చుతోంది. ఎక్కే చేప పెద్దది, బలముంది, దారి వెతుక్కుంటుంది. దిగే పిల్ల వేలెడంత. నీళ్లు ఎటు లాగితే అటే పోతుంది. ఇక్కడ నీళ్లు లాగేవి కరెంటు తీసే టర్బైన్లు. వాటి నోటికి ఉన్నవి ఇనుప కమ్మీలు, దుంగలు ఆపడానికి. ఆ సందుల్లోంచి పిల్లలు సులువుగా లోపలికి పోతాయి. సన్నటి జల్లెడ కట్టి, వాటిని పక్క కాలవలోకి మళ్లించాలని ప్లానులో రాశాం. అది రెండో దశలో అన్నారు పెద్ద ఇంజనీరు గారు. ఈ ఏటికి, పిల్లలు దిగే రోజుల్లో టర్బైన్లు ఆపి, గేట్లెత్తి పంపిస్తామని నా ముందే మాటిచ్చారు. పెద్దమనిషి. మాట తప్పే మనిషిలా లేరు.

అన్నయ్యకి ఇదంతా చెప్పకు. ఊరికే కంగారు పడతాడు.

నీ మరదలు

---

ఎగువ రేవు,
నవంబరు

చేపపిల్లా,

ఆమధ్య ఓ పొద్దున రేవుకి వెళ్తే ఏటి మీద చినుకులు పడుతున్నాయి. తలెత్తి చూస్తే ఎండ. వంగి చూద్దును కదా, పిల్లలు. కంకరలోంచి లేచి నీటి మీద మూతులు పెడుతున్నాయి. ఒక్కొక్కటీ చూపుడువేలంత. వేలకి వేలు.

మూడు పడవలాయన తనే కన్నట్టు తిరుగుతున్నాడు. బట్టలుతికే వాళ్ల దగ్గరికి పోయి, సబ్బునీళ్లు పారబొయ్యకండి, పసివాళ్లున్నారు అంటున్నాడు. ఆయన పెళ్లాం, నా కాన్పుకి ఇంత చెయ్యలేదు ఈ మహానుభావుడు అంది.

నిన్న పిల్లలు కదిలాయి. మీ అన్నయ్య వాటితో పాటు గట్టమ్మట నడిచాడు, నిలవ నీరు మొదలయ్యే దాకా. కాళ్లు పుళ్లు పడ్డాయి. పెళ్లినాడు కూడా ఆ మనిషి మొహం అంత వెలగలేదు, చెప్పుకుంటే నాకే నామోషీ. నీకు ఇలా రాయమన్నాడు: "మన పిల్లలు వస్తున్నారు. తలుపు తీసి పెట్టు."

నీ వదిన

---

ఆనకట్ట కాలనీ,
డిసెంబరు

వదినకి,

ఇక్కడంతా క్షేమం. చలి ముదిరింది. క్వార్టర్ పైకప్పు కారుతుంటే మనిషిని పిలిపించి రేకు మార్పించాను. పిల్లలు ఆనకట్ట దగ్గరికి చేరుతున్నాయి. పనుల ఒత్తిడి వల్ల ఎక్కువ రాయలేకపోతున్నాను. అన్నయ్యని అడిగానని చెప్పు. ఆరోగ్యం జాగ్రత్త.

మరదలు

---

ఎగువ రేవు,
డిసెంబరు

పైకప్పు సంగతి ఎవరడిగారే నిన్ను?

పదేళ్లుగా నాకు ఉత్తరాలు రాస్తున్నావు. ఒక్కసారైనా వెక్కిరించకుండా ముగించలేదు. ఈసారి సబ్ రిజిస్ట్రారుకి రాసినట్టు రాశావు. మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "పనిలో ఉందిలే" అన్నాడు. అని, మళ్లీ చదవమన్నాడు.

నిన్న సిమెంటు దింపడానికొచ్చిన లారీ డ్రైవరు టీ కొట్టు దగ్గర ఓ మాటన్నాడు. ఆనకట్ట కింద కొంగలు, గద్దలు తెల్లగా నల్లగా కప్పేశాయట, తిని తిని ఎగరలేకపోతున్నాయట. మీ అన్నయ్య లేచి అతని చొక్కా పట్టుకున్నాడు. నలుగురు విడిపించాల్సొచ్చింది. ఇంటికొచ్చి, ఆ మనిషి తాగి ఉన్నాడని నాకు చెప్పాడు. తాగి లేడు.

ఏం జరిగిందో నాకు రాయి. ఆయనకి చెప్పాలో వద్దో నేను చూసుకుంటాను.

వదిన

---

ఆనకట్ట కాలనీ,
జనవరి

వదినా,

ఆపలేదు.

పిల్లలు వచ్చి ఆనకట్ట ముందు చేరాయని చెప్పడానికి పెద్ద ఇంజనీరు గదికి పరిగెత్తాను. చలికాలం, కరెంటు వాడకం ఎక్కువ, ఇప్పుడెలా ఆపుతాం, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. మాటిచ్చారు కదా అన్నాను. ఆయన కోప్పడలేదు. అదే నాకు భయమేసింది. "అమ్మాయీ, ఎక్కే చేప ఫొటోలో పడుతుంది. దిగేది పడదు" అన్నాడు.

టర్బైన్ల నుంచి నీళ్లు బయటపడే చోటికి వెళ్లి చేతివల పెట్టాను. ఎత్తితే సగం సగం పిల్లలు. ముక్కలు కానివాటికి కళ్లు బయటికొచ్చేశాయి. లోపలి ఒత్తిడికి అలా అవుతాయి. కొన్ని ఇంకా నోరు తెరిచి మూస్తున్నాయి. రోజూ వెళ్లాను, రోజూ అంతే. నీకు పైకప్పు గురించి రాసింది అక్కణ్ణుంచి వచ్చి చేతులు కడుక్కుని.

చాలా మటుకు క్షేమంగా దిగాయని నన్ను రిపోర్టు రాయమన్నారు. రాయనన్నాను. పైవాళ్లకి రాశాను, జవాబు లేదు. గేట్ల ఆపరేటర్‌ని ఒక్క గేటు ఎత్తమని బతిమాలాను. ఆర్డరు లేకుండా ఎత్తితే నన్ను జైల్లో పెడతారమ్మా అన్నాడు. నిజమే. ఆయన కళ్లల్లోకి చూడలేక నేనే వచ్చేశాను.

సగం పిల్లలు ఇంకా పైన నిలవ నీటిలోనే ఉన్నాయి. ప్రవాహం తగలక, దారి తెలీక తిరుగుతున్నాయి. రేపో మాపో అవీ వస్తాయి. ఏం చెయ్యను వదినా? అన్నయ్యకి నేనేమని చెప్పను?

నీ మరదలు

---

ఎగువ రేవు,
జనవరి

చేపపిల్లా,

చదివి వినిపించాను. దాచుదామనే అనుకున్నాను. కానీ నేను కవరు చింపుతుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

విన్నాక నిన్ను ఒక్క మాట అనలేదు. లేచి చెప్పులేసుకున్నాడు. నాలుగు రోజులాగి చెప్దువుగాని, కాస్త ఆలోచించు అని గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. వలలు నా నోటితో ఆపించాను, నా నోటితోనే చెప్పాలి అన్నాడు. రేవులో అందర్నీ పిలిచి చెప్పాడు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. ఎవరో పెద్దాయన, "మూడేళ్లూ?" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటకి మీ అన్నయ్య తల దించుకున్నాడు.

చివరికి మూడు పడవలాయన లేచాడు. తిట్టుకోవడం ఎప్పుడైనా ఉంటుంది, పైన సగం ఉన్నాయంటున్నావు కదా, వాళ్ల దగ్గర జల్లెడ లేకపోతే మన దగ్గర వలలున్నాయి అన్నాడు. సన్నకన్ను వలలు పడవకీ పడవకీ మధ్య కట్టి, ఆ టర్బైన్ల నోటి ముందు గోడలా నిలబెడతారట. మనుషులు నీళ్లలో ఉంటే వాళ్లు ఆపక చస్తారా అని ఆయన లెక్క.

నేనూ ఆయన పెళ్లామూ కూర్చుని ఎలకలు కొట్టిన వలలన్నీ బాగుచేశాం. పొద్దున బయల్దేరారు. ఆ నీటి లాగుడు సంగతి నీకు తెలుసు. దగ్గరికి పోనివ్వకు.

నీ వదిన

---

ఆనకట్ట కాలనీ,
జనవరి

వదినా,

ఈ ఉత్తరం లారీ డ్రైవరు చేతికిచ్చి పంపిస్తున్నాను. ముందు నువ్వు చదివి, తర్వాత ఆమె దగ్గరికి వెళ్లు. ఒంటరిగా వెళ్లకు.

అన్నయ్య బాగానే ఉన్నాడు. మూడు పడవలాయన పోయాడు.

పడవలు రాగానే రెండు టర్బైన్లు ఆపారు. మూలనున్న మూడోది ఆపలేదు. కాపలావాళ్లు మైకులో తిడుతూనే ఉన్నారు. వల నిలబడింది, పిల్లలు దాని వెంట పక్కకి మళ్లడం నేను గట్టు మీంచి చూశాను. తర్వాత మూల పడవ తాడు జారింది. వల కొస లోపలికి పోయింది, దాంతో పాటు పడవ తిరగబడింది. ఆయన కాలికి వల చుట్టుకుంది. అన్నయ్య దూకేలోపు ఆయన లేడు.

అప్పుడు అన్నీ ఆపారు. మనిషి దొరికేదాకా టర్బైన్లు నడపకూడదని నియమం. నీళ్లు పెరగకుండా గేట్లెత్తారు. పిల్లలు గేట్ల మీంచి దిగుతున్నాయి. ఈ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు.

అన్నయ్య నడుముకి తాడు కట్టుకుని దిగి వెతికాడు. కనపడలేదన్నాడు. రేపు మళ్లీ దిగుతాడు. తిండి ముట్టట్లేదు.

నీ మరదలు

---

ఎగువ రేవు,
ఫిబ్రవరి

చేపపిల్లా,

అంతా అయిపోయింది. పెట్టె మూత తియ్యనివ్వలేదు మీ అన్నయ్య. మూడు రోజులు నీళ్లలో ఉన్న మనిషి, చూడొద్దమ్మా అన్నాడు. మూడు పడవలాయన పెళ్లాం, చెయ్యి మాత్రం చూస్తానంది. అది చూపించారు. ఉంగరం వేలు పట్టుకుని కూర్చుంది, ఎవరు లేపినా లేవలేదు.

మీ అన్నయ్య ఇంట్లో ఉన్నాడు, లేడు. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తుంటాడు. నేను పలకరిస్తే ఉలిక్కిపడతాడు. ఆమె రోజూ వచ్చి అడుగుతుంది, ఎక్కడ దొరికాడు, ఎలా ఉన్నాడు, ముందే ఎందుకు కనపడలేదు అని. ఆయన దొడ్లోకి వెళ్లిపోతాడు. ఆ వెళ్లడం దుఃఖంలా లేదు. పదిహేనేళ్లు కాపురం చేశాను, ఆమాత్రం తెలుస్తుంది.

నువ్వు అక్కడే ఉన్నావు. ఈసారి నాకు పైకప్పు కథలు చెప్పకు.

వదిన

---

ఆనకట్ట కాలనీ,
ఫిబ్రవరి

వదినా,

మొదటి రోజు మధ్యాహ్నమే దొరికాడు.

తాడు రెండో కొస నేనూ గేట్ల ఆపరేటరూ పట్టుకున్నాం. అన్నయ్య మూడోసారి మునిగి పైకొచ్చి, గోడ పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఇక్కడ లేడన్నాడు. ఆపరేటర్ ఆ కబురు చెప్పడానికి వెళ్లాడు. అప్పుడు అన్నయ్య నాతో అన్నాడు, కమ్మీలకి ఆనుకుని ఉన్నాడు, వల చుట్టుకుని ఉంది, చెయ్యి తగిలింది అని. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. మా పక్కనే గేటు మీంచి పిల్లలు దిగుతున్నాయి, నీళ్లు నల్లగా కదులుతున్నాయి.

"చెప్తే ఇప్పుడే దించేస్తారు కదా గేటు" అన్నాడు.

నేను తలూపాను. అంతే వదినా.

రోజూ పొద్దున్నే తాడు కట్టుకుని అక్కడికే దిగేవాడు. వచ్చి లేడనేవాడు. ఊరికే పైకి వచ్చేవాడు కాదు, ఆయన భుజం మీద చెయ్యేసి కాసేపు ఉండి వచ్చేవాడట. మూడో రోజుకి పిల్లలు పలచబడ్డాయి. మర్నాడు పట్నం నుంచి వేరే ఈతగాళ్లు వస్తున్నారని తెలిసింది. ఆ సాయంత్రం దిగి, వల కోసి తెచ్చాడు.

ఎన్ని దిగాయో చెప్పలేను. చాలా దిగాయి. వాటిలో ఎన్ని పెరిగి వస్తాయో ఎవరూ చెప్పలేరు. టర్బైన్లు మర్నాడే మొదలుపెట్టారు. పడవలు రాకుండా ముళ్లకంచె వేశారు. జల్లెడ రాలేదు. నన్ను పనిలోంచి తీసేశారు, నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఇంటికి రానా?

అన్నయ్యని ఏమీ అనకు. తలూపింది నేను.

నీ మరదలు

---

ఎగువ రేవు,
మార్చి

చేపపిల్లా,

నీ ఉత్తరం రెండు రోజులు కొంగున ముడేసుకునే తిరిగాను. అన్నం పెడుతూ ఆయన మొహంలోకి చూడలేకపోయాను. ఆయనే అడిగాడు, రాసిందా అని. ఊఁ అన్నాను. చెయ్యి కడుక్కుని లేచి ఆమె ఇంటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను.

ఆమె గుమ్మంలో కూర్చుని, కోసి తెచ్చిన ఆ వలలో పనికొచ్చే దారం వేరు చేస్తోంది. ఆయన నిలబడే చెప్పాడు. ఏదీ దాచలేదు, భుజం మీద చెయ్యేసిన సంగతి కూడా. ఆమె చేతులు ఆగలేదు. అంతా అయ్యాక అడిగింది.

"అక్కడ చలిగా ఉందా?"

"ఉంది."

"దిగాయా?"

"దిగాయి."

దారం కింద పెట్టింది. "నన్నడిగుంటే, మూడు రోజులు కాదు, వారం ఉంచమనేదాన్నేమో. ఆయన పోయింది వాటికోసమే కదా. లేకపోతే, ఇప్పుడే తెచ్చివ్వమని నీ కాళ్లు పట్టుకునేదాన్నేమో. ఏమనేదాన్నో ఇప్పుడు నాకే తెలీదు. ఇంక తెలీదు కూడా. నువ్వు అడగలేదు" అంది.

మీ అన్నయ్య ఏదో అనబోయాడు. ఆమె వెళ్లమంది. వచ్చేశాం.

మర్నాడు మిల్లులో నా పక్కనుంచి లేచి ఆ చివరికెళ్లి కూర్చుంది. ఇన్నేళ్లలో మొదటిసారి పూటంతా మాట్లాడకుండా గోతాలు కుట్టాను. మీ అన్నయ్య రేవు పెద్దరికం వదిలేశాడు. రేవులో మళ్లీ వలలు పడుతున్నాయి. ఆయన మాత్రం పడవ ఎక్కడం లేదు. ఆమె వాకిట్లో కట్టెలు కొట్టి పెట్టి వస్తాడు. ఆమె వద్దనదు, తలెత్తి చూడదు. కట్టెలు మాత్రం వాడుతుంది.

నీ మీద నాకు కోపం లేదని రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను. ఆ గట్టు మీద నేనున్నా నీలాగే తలూపేదాన్నేమో, అది తలుచుకుంటే ఇంకా కోపం వస్తోంది.

ఇంటికి రానా అని అడుగుతావేంటే, ఇది నీ ఇల్లు. రా. కానీ బస్సు దిగి తిన్నగా ఇక్కడికి రాకు. ముందు ఆ గుమ్మం ముందుకి వెళ్లు. ఆమె తలుపు తీస్తే చెప్పాల్సింది చెప్పు. తియ్యకపోతే అరుగు మీద కూర్చో. ఏ బస్సుకొస్తున్నావో రాయి. నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

నీ వదిన